పడితే ముప్పై వేలు

జూలై పదో తేదీ, గురువారం. మధ్యాహ్నం రెండుంబావుకు చిక్కడపల్లిలో మా ఇంటి ముందు ఆటో ఎక్కాం. కాచిగూడ స్టేషనుకు తొంభై అడిగితే ఎనభైకి ఒప్పించాను. సామాను మొత్తం నాలుగు: నా చేతిసంచి, రజిత బట్టల బ్యాగు, తోలు సూటు పెట్టిన పొడుగు సంచి, హెల్మెట్ ఉన్న గుండ్రని సంచి. ఆ గుండ్రని సంచిని రజిత ఒళ్లో పెట్టుకుని రెండు చేతులతో పట్టుకుంది. నారాయణగూడ చౌరస్తాలో ఎర్రలైటు దగ్గర ఆగినప్పుడు డ్రైవరు అద్దంలోంచి చూసి, "ఏందక్కా, అండ్ల డోలక్ ఉన్నదా? భజనకు పోతున్నరా?" అని అడిగాడు. రజిత నవ్వింది. నాకు నవ్వు రాలేదు. అప్పటికే రైలు టికెట్లు మూడుసార్లు తీసి చూసుకున్నాను.

రజిత మా ఇంటి పై అంతస్తులో కిరాయికి ఉండే అమ్మాయి. ఇరవై నాలుగేళ్లు. జనగామ దగ్గర పల్లె. గ్రూప్స్ పరీక్షలకు చదువుకోవడానికి నాలుగేళ్ల కింద వచ్చింది. పొద్దున అశోక్‌నగర్‌లో క్లాసు, మధ్యాహ్నం లైబ్రరీ, సాయంత్రం బండి మీద ఇళ్లకు పార్శిళ్లు అందించే పని. మా వీధిలో ఇట్లాంటి పిల్లలు ఇంటికి నలుగురున్నారు. రజితలో తేడా బండి దగ్గర ఉంది. వాళ్ల నాన్న ఊళ్లో ఇంటింటికీ తిరిగి పాలు పోయించుకుని కేంద్రానికి చేరవేస్తాడు. ఈ అమ్మాయి హైస్కూల్లో ఉండగానే రెండు పక్కలా పాల క్యాన్లు కట్టిన బండిని గతుకుల దారిలో చుక్క ఒలకకుండా నడిపేదట. నిరుడు నగరం బయట ఆడపిల్లలకు మోటార్‌సైకిల్ నడపడంలో పోటీ పెడితే, స్నేహితురాలు మౌనికతో సరదాగా వెళ్లి మొదటి స్థానంలో వచ్చింది. అక్కడి శిక్షకులు రేసులకు రమ్మన్నారు. అప్పటి నుంచి ఆ అమ్మాయి చేతిలో రూపాయి నిలవలేదు.

నిలవలేదంటే ఖర్చు చేసిందని కాదు, నాకిచ్చింది. నేను ముప్పై మూడేళ్లు ఒక ప్రభుత్వ కార్యాలయంలో లెక్కల విభాగంలో పనిచేశాను. "నా ఫోన్‌ల ఉంటె ఎటో పోతయి అమ్మమ్మా, మీ దగ్గరుంచుండ్రి" అంటూ నెలకు ఆరున్నర వేల చొప్పున పద్నాలుగు నెలలు తెచ్చి ఇచ్చింది. తొంభై ఒక్క వేలు. ఎవరైనా ఈ దారిలో వెళ్లాలనుకుంటే పనికొస్తుందని వివరం రాస్తున్నాను. పుణెలో ఒక కుర్రాడు వాడి అమ్మేసిన తోలు సూటు పద్నాలుగు వేలు. దాన్ని భుజాల దగ్గర తగ్గించి కుట్టినందుకు నారాయణగూడలో ఆరువందలు. హెల్మెట్ తొమ్మిది వేల ఐదువందలు. బూట్లు, చేతి తొడుగులు కలిపి ఆరు వేల రెండువందలు. లైసెన్సు, వైద్య పరీక్ష మూడు వేల ఏడువందలు. పోటీ ఫీజు పద్దెనిమిది వేలు. ఇంతవరకు యాభై రెండు వేలు. ప్రయాణానికి తొమ్మిది వేలు పక్కన పెట్టాం. మిగిలిన ముప్పై వేలు డిపాజిట్.

ఈ డిపాజిట్ గురించి ముందే చెప్పాలి. కొత్తవాళ్ల పోటీలో సొంత బండి అక్కర్లేదు. అందరికీ ఒకే రకం బండ్లు నిర్వాహకులే ఇస్తారు. పెట్రోలు, టైర్లు ఫీజులోనే. కానీ పడి బండి పాడైతే ఆ మరమ్మతు ఖర్చు డిపాజిట్‌లోంచి కోసుకుంటారు. పడకపోతే మొత్తం తిరిగి ఇస్తారు. ఆదివారం శ్రీపెరంబుదూరు దగ్గరి ట్రాక్‌లో రెండు రేసులుంటాయి. ఏదో ఒకదానిలో మొదటి పన్నెండు మందిలో వచ్చినవాళ్లకు సెప్టెంబరులో కోయంబత్తూరులో జరిగే తర్వాతి పోటీకి పిలుపు వస్తుంది. దానికి ఫీజు లేదు, డిపాజిట్ మాత్రం మళ్లీ కట్టాలి. అంటే రజితకు రెండూ కావాలి. పిలుపు రావాలి, ముప్పై వేలూ మిగలాలి. ఈసారి పిలుపు రాకపోతే రేసులు మానేసి పరీక్షలు మాత్రమే రాస్తానని తండ్రికి మాటిచ్చింది.

నేను వెళ్లాలని అనుకోలేదు. ప్రతి పోటీదారుతో పద్దెనిమిదేళ్లు దాటినవాళ్లు ఒకరు వెంట ఉండాలని నియమం. మౌనిక వెళ్లాల్సింది. ఆ అమ్మాయికి అదే ఆదివారం పరీక్ష పడింది. టికెట్ రద్దు చేస్తే నూట ఇరవై పోయాయి. రజితకు ఇంకెవరూ దొరకలేదు. నాకు డెబ్బై ఒకటో ఏడు. మోకాలు ఒకటి సరిగా వంగదు. అయినా డబ్బు నా చేతిలో ఉంది కనుక దాని వెంట నేనుండటమే సబబనిపించింది. నా టికెట్, నా తిండి నా సొంత లెక్క.

ప్లాట్‌ఫారం మీద ఉండగా రజిత వాళ్ల నాన్న ఫోన్ చేశాడు. నాతో మాట్లాడతానన్నాడట. "మీరున్నరని ధైర్యం అమ్మా. పడకుంట జర చూసుకోండ్రి" అన్నాడు. సరేనన్నాను. అంత వేగంగా పోయే పిల్లను నేను పడకుండా ఎట్లా చూసుకోగలనో రైలు కదిలాక గాని తోచలేదు.

చెంగల్పట్టు పోయే ఆ రైలు మూడు ముప్పావుకు బయలుదేరింది. స్లీపరు టికెట్లు రెండూ తొమ్మిది వందల ముప్పై. పెద్దవాళ్లకు ఇదివరకు ఉన్న రాయితీ ఇప్పుడు లేదు. కింది బెర్తు మాత్రం ఇచ్చారు. ఎదురుగా కడప వెళ్లే భార్యాభర్తలు. మహబూబ్‌నగర్ దాటాక ఆమె మా సంచుల గురించి ఆరా తీసింది. రజిత చెప్పింది. ఆమె భర్త, హైదరాబాదులో రేసులంటే మలక్‌పేట గుర్రాలొక్కటే అనుకున్నానే అని ఆశ్చర్యపోయాడు. ఆమె నా వైపు తిరిగి, "ఆడబిడ్డ గదమ్మా. పడితే ఎట్ల?" అంది.

"పడితే ముప్పై వేలు" అన్నాను.

ఆమె అడిగింది ఒంటి సంగతి. నేను చెప్పింది డబ్బు సంగతి. రజిత కిటికీలోంచి బయటకు చూస్తోంది. ఇంటి నుంచి తెచ్చిన పులిహోర, పెరుగన్నం కర్నూలు రాకముందే తినేశాం. టీ రెండు కప్పులు ముప్పై.

శుక్రవారం పొద్దున ఏడు దాటాక తాంబరంలో దిగాం. స్టేషను బయట ఇడ్లీ, కాఫీ ఇద్దరికీ నూట పది. శ్రీపెరంబుదూరు బస్సు దొరకడానికి అరగంట పట్టింది. టికెట్లు రెండూ డెబ్బై ఆరు. లాడ్జి రోజుకు తొమ్మిది వందలు. గది చిన్నదే గాని నీళ్లు బాగా వస్తాయి. అక్కడి నుంచి ట్రాక్‌కు ఆటో నూట యాభై. ఆటో అతనికి తెలుగు రాదు, నాకు తమిళం రాదు. వేళ్లతో బేరం చేసుకున్నాం.

ట్రాక్ అంటే నేను పెద్ద స్టేడియం అనుకున్నాను. ముళ్లపొదల బీడులో నల్లటి రోడ్డు ఒకటి వంకరలు తిరిగి తిరిగి మొదలైన చోటికే వస్తుంది. అంచుల్లో పాత టైర్లను గోడలా పేర్చారు. రేకుల కప్పు కింద కూర్చునే మెట్లు. అక్కడి నుంచి చివరి రెండు మలుపులు, వాటి తర్వాత తిన్నటి దారి కనిపిస్తాయి. మిగతాదంతా చప్పుడే. ఎండ మన ఎండకంటే జిగటగా ఉంటుంది. గొడుగు, చెవుల్లోకి దూది తప్పనిసరి.

ముందు సామాను తనిఖీ చేశారు. హెల్మెట్ పట్టీకి కుట్టిన గుడ్డ చీటీని ఒకాయన భూతద్దం పెట్టినంత శ్రద్ధగా చూశాడు. భద్రతా పరీక్షలో నెగ్గిందని తెలిపే ఆ చీటీ లేకపోతే హెల్మెట్ చెల్లదట. బయలుదేరే ముందు రోజు, మెడకు గీసుకుంటుందని దాన్ని కత్తిరించబోతే రజిత నా చేతిలోంచి కత్తెర లాక్కుంది. ఆయన సరేనని తలూపేదాకా నేను అక్కడి నుంచి కదల్లేదు.

పోటీలో ఇరవై ఇద్దరు. ఆడపిల్లలు ముగ్గురు. చాలామంది తండ్రులతో కార్లలో వచ్చారు. కొందరికి మడత కుర్చీలు, ఐసుపెట్టెలు, సొంత మెకానిక్కులు కూడా ఉన్నారు. రజితకు నేనూ, స్టీలు సీసాలో మజ్జిగా. బండి నంబరు ఇరవై ఏడు వచ్చింది. కొత్తవాళ్లను చూసుకునే శిక్షకుడు సురేంద్ర నెల్లూరువాడు. ముప్పై ఐదేళ్లుంటాయి. తెలుగు మాట విని నాకు ప్రాణం లేచివచ్చింది. మధ్యాహ్నం పన్నెండున్నరకు సాధన. రజిత ఇరవై ఇద్దరిలో తొమ్మిదోది. ఒక చుట్టుకు రెండు నిమిషాల ఇరవై ఒక్క సెకన్లు. హెల్మెట్ తీసేసరికి ముఖమంతా చెమట, నవ్వు. "ఈ పిల్ల భయం ఇంట్లో పెట్టి వచ్చినట్టుండాది" అన్నాడు సురేంద్ర.

సాయంత్రం ఐదింటికి డిపాజిట్ కట్టాం. ఆ కౌంటరు గోడకు ఒక ధరల పట్టీ అంటించి ఉంది. బండిలో ఏ భాగం విరిగితే ఎంతో అందులో ఉంది. నేను నిలబడి మొత్తం నా లెక్కల పుస్తకంలో ఎక్కించుకున్నాను. వెనక ఇద్దరు తండ్రులు వేచి ఉన్నారు. ఉండనీ అనుకున్నాను.

శనివారం పొద్దున ఏడున్నరకు లాడ్జి పక్క హోటల్లో పొంగల్ తింటూ ఆ పట్టీని రజితకు చదివి వినిపించాను. బ్రేకు లివర్ ఎనిమిది వందల యాభై. కాలు పెట్టుకునే రాడ్డు పన్నెండు వందలు. హ్యాండిల్ రెండు వేల నాలుగువందలు. పొగగొట్టం నాలుగు వేల ఏడువందలు. ముందు చక్రం ఆరు వేల ఎనిమిది వందలు. పైనుండే ప్లాస్టిక్ తొడుగు తొమ్మిది వేల ఐదువందలు. ఏది ఎంతో తెలిస్తే ఇంకొంచెం జాగ్రత్తగా ఉంటుందని నా ఉద్దేశం. ఎడమవైపు పడటం కంటే కుడివైపు పడటం ఎక్కువ ఖరీదని కూడా చెప్పాను, పొగగొట్టం అటే ఉంటుంది కనుక. రజిత పొంగల్ సగం వదిలేసింది. నలభై ఐదు రూపాయల పొంగల్.

పదీ నలభైకి అర్హత పరుగు. ఆదివారం ఎవరు ఏ వరుసలో నిలబడాలో దీన్ని బట్టే తేలుతుంది. రజిత పంతొమ్మిదోది. చుట్టుకు రెండు నిమిషాల ఇరవై తొమ్మిది సెకన్లు. నిన్నటికంటే ఎనిమిది సెకన్లు ఎక్కువ. నేను మెట్ల మీద నుంచే చూశాను. చివరి మలుపు ఇంకా దూరం ఉండగానే అందరికంటే ముందు ఇరవై ఏడో నంబరు వెనక దీపం ఎర్రగా వెలిగేది. సురేంద్ర వచ్చి, "నిన్నటి పాప కాదమ్మా. మలుపు రాకముందే బ్రేకు పట్టేస్తా ఉంది. రాత్రి నిద్ర పోలేదా?" అని అడిగాడు. కొత్త చోటు కదా అన్నాను. మధ్యాహ్నమంతా రజిత బండి పక్కన కూర్చుని దాని ప్లాస్టిక్ తొడుగు వైపు చూసింది.

సాయంత్రం లాడ్జికి వచ్చాక స్నానం చేసి నేల మీద కూర్చుంది. నేను మంచం మీద ఆ రోజు ఖర్చు రాసుకుంటున్నాను. ఏమైందని అడిగాను. తల ఎత్తకుండానే, "మలుపు కాడికి పోంగనే నాకు రోడ్డు కనబడ్తలేదు అమ్మమ్మా. తొమ్మిది వేల ఐదువందలు కనబడ్తున్నయి" అంది.

నేను పెన్ను మూత పెట్టాను. రైల్లో కడప ఆవిడకు నేను చెప్పిన జవాబు గుర్తొచ్చింది. పొద్దున హోటల్లో ఆ పట్టీని నేను ఎంత శ్రద్ధగా, ఎంత స్పష్టంగా చదివానో గుర్తొచ్చింది. ఏదో ధైర్యం చెప్పాలి. ధైర్యం చెప్పడం నాకు చేతకాదు. డబ్బు గురించి ఆలోచించకు అంటే ఎవరు మాత్రం ఆలోచించకుండా ఉంటారు?

మా కార్యాలయంలో ఒక పద్ధతి ఉండేది. ఎప్పుడో ఎవరో తీసుకున్న అడ్వాన్సులు, తిరిగి వస్తాయో రావో తెలియనివి, "రావలసినవి" అన్న వరుసలో ఏడాది తర్వాత ఏడాది మోసేవాళ్లం. ఆ వరుస చూడగానే అందరికీ దిగులే. ప్రతి తనిఖీకీ వాటికి సంజాయిషీ రాయాలి. చివరకు ఒక మార్చిలో పై అధికారి సంతకం పెట్టి, ఇక ఇది రానట్టే, ఖర్చులో రాసేయండి అనేవాడు. సంతకం పడిన రోజు మా విభాగంలో అందరం తేలిగ్గా ఇంటికి వెళ్లేవాళ్లం. నిజానికి డబ్బేమీ మారలేదు. అంతకు ముందూ లేదు, ఆ తర్వాతా లేదు. దాని కోసం ఎదురుచూడటం ఆగిపోయింది, అంతే.

పుస్తకం తీసి రజిత పక్కన కింద కూర్చున్నాను. మోకాలికి చాలా కష్టమైంది. "రావలసినవి" వరుసలో ఉన్న ముప్పై వేలు కొట్టేశాను. ఖర్చు వైపు రాశాను. చూపించాను.

"డిపాజిట్ ఖర్చయిపోయింది. సంతకం పెట్టు" అన్నాను.

"మీరు పెట్టుండ్రి."

"నా పైసలా? నీవి. నువ్వే పెట్టాలె."

"మల్ల రావా అయి?"

"వస్తె వచ్చిన నాడు వచ్చినట్టు రాస్త. ఇయ్యాల్టికైతె లేవు."

పెన్ను చేతిలో పట్టుకుని చాలాసేపు ఆ అంకెనే చూసింది. పద్నాలుగు నెలల్లో దాదాపు అయిదు నెలల పొదుపు అది. వానల్లో, నాలుగో అంతస్తుల మెట్లెక్కి పార్శిళ్లిచ్చిన డబ్బు. తర్వాత పూర్తి పేరుతో, ఇంటి పేరుతో సహా సంతకం పెట్టింది.

"ఇప్పుడు నా దగ్గర ఎంతున్నట్టు?"

"చేతిల రెండు వేల ఆరువందలు."

"గంతేనా" అంది. కొంచెం నవ్వింది. "గంతదానికి భయమెందుకు?"

ఎనిమిదిన్నరకు రెండు చపాతీలు తిని పడుకుంది. నాకు నిద్ర పట్టలేదు. పుస్తకంలో కొట్టేసినంత తేలిగ్గా ఆ ముప్పై వేలు నాలోంచి పోలేదు. పడకుండా చూసుకుంటానని వాళ్ల నాన్నకు నేనిచ్చిన మాట ఒకటి పైన.

ఆదివారం మొదటి రేసు తొమ్మిదీ యాభైకి. ఆరు చుట్లు. వెళ్లే ముందు రజిత నా కాళ్లకు దండం పెట్టబోతే తోలు సూటు నడుం దగ్గర వంగలేదు. చేయి పట్టుకుని వదిలేసింది. పంతొమ్మిదో చోటు నుంచి మొదలుపెట్టింది. మొదటి చుట్టు తిరిగి వచ్చేసరికి పదహారు. రెండో చుట్టుకు పద్నాలుగు. చివరి మలుపులో దీపం ఇప్పుడు అందరితో పాటే వెలుగుతోంది. నాలుగో చుట్టుకు పదకొండు. పక్కన కూర్చున్న ఒక తల్లి చేతుల్లో జపమాల తిప్పుతూ కళ్లు మూసుకుని ఉంది. నేను కళ్లు తెరిచే ఉంచాను. నంబర్లు లెక్కపెట్టాలి గదా.

ఐదో చుట్టులో ఇరవై ఏడు రాలేదు.

పది బండ్లు వెళ్లాయి. పదకొండోది రజితది కావాలి. అది ముప్పై మూడు. తర్వాత ఎనిమిది. తర్వాత నలభై. కింద నిలబడ్డ మనిషి పసుపు జెండా ఊపుతున్నాడు. మైకులో ఏదో చెప్పారు. నాకు ఇరవై ఏడు అన్న అంకె ఒక్కటే అర్థమైంది. మాకు కనబడని మలుపుల వైపు అంబులెన్సు కదిలింది. నేను లేచి నిలబడ్డాను. మెట్లు దిగడం మొదలుపెట్టాను. ఎన్ని దిగానో తెలియదు. నా జీవితంలో నేను లెక్కపెట్టని మెట్లు అవే అనుకుంటాను. ఆ దారిలో నాకు ముప్పై వేలు గుర్తు రాలేదు. కడప ఆవిడ అడిగిన ప్రశ్న గుర్తొచ్చింది.

వైద్యుల గుడారం దగ్గరకు చేరేసరికి రజిత అంబులెన్సులోంచి తన కాళ్ల మీదే దిగుతోంది. ముఖం తెల్లగా పాలిపోయింది. సూటు కుడి భుజం మీద దుమ్ము, గీతలు. నారాయణగూడలో కుట్టించిన కుట్టు ఊడలేదు. ఎడమ మణికట్టు బెణికింది. డాక్టరమ్మ వేళ్లు ఒక్కొక్కటి వంచి చూసింది, పిడికిలి బిగించమంది, కళ్లలో లైటు వేసింది, నడిపించింది. ఎముకకు ఏమీ కాలేదని, నొప్పి ఓర్చుకోగలిగితే మధ్యాహ్నం రేసుకు అభ్యంతరం లేదని చెప్పి కట్టు కట్టింది. ఓర్చుకోగలవా అని ఆమె అడిగింది. రజిత ఓర్చుకుంటానంది. వద్దు అనే మాట నా నోటిదాకా వచ్చింది. నన్నెవరూ అడగలేదు.

పదకొండింటికి కౌంటరు నుంచి పిలిచి బిల్లు ఇచ్చారు. కుడివైపే పడింది. తొడుగు, పొగగొట్టం, హ్యాండిల్, రాడ్డు, లివర్, మొత్తం పద్దెనిమిది వేల ఆరువందల యాభై. రెండుసార్లు కూడి చూశాను. తప్పు లేదు. మిగిలింది పదకొండు వేల మూడువందల యాభై. బిల్లు మడిచి జాకెట్టులో పెట్టుకున్నాను. ఈలోగా రజిత వాళ్ల నాన్న నా ఫోనుకు మూడుసార్లు చేశాడు. తీయలేదు.

తిరిగి వచ్చేసరికి మెకానిక్కులు బండికి కొత్త తొడుగు బిగిస్తున్నారు. రజిత మంచుగడ్డ చుట్టిన గుడ్డను మణికట్టుకు ఒత్తుకుంటూ నన్ను చూసింది.

"ఎంతయింది అమ్మమ్మా?"

"ఏమెంత?"

"బండికి."

"నీకెందుకు? ఆ లెక్క నిన్ననే అయిపోయింది. సంతకం గూడ పెట్టినవు."

నా ముఖంలోకి కాసేపు చూసింది. నేను మజ్జిగ సీసా మూత తీసే పనిలో ఉన్నాను. రజిత మజ్జిగ మొత్తం తాగింది.

రెండో రేసు రెండున్నరకు. మొదటిది పూర్తి చేయలేదు గనుక ఈసారి చివరి వరుస, ఇరవై ఒకటో చోటు. ఇంకో కుర్రాడు పొద్దున భుజం విరిగి వెళ్లిపోయాడు. ఎండ నెత్తి మీద మండుతోంది. గొడుగు తెరవడం మరిచిపోయాను. మొదటి చుట్టులోనే ముందు ఇద్దరు ఒకరికొకరు తగిలి పడ్డారు. మైకులో చెప్పిన నంబర్లలో ఇరవై ఏడు లేదు. పదిహేడు. పదిహేను. మూడో చుట్టులో పదమూడు. ప్రతిసారి కనబడని మలుపుల్లోకి వెళ్లిపోగానే నేను లేచి నిలబడేదాన్ని. తిరిగి తిన్నటి దారిలోకి ఆ ఎర్ర హెల్మెట్ వచ్చేదాకా అట్లాగే ఉండేదాన్ని. నాలుగో చుట్టులో పన్నెండు. ఇక చాలు, ఇట్లాగే వచ్చేయి అని పైకే అన్నాను. జపమాల ఆవిడ కళ్లు తెరిచి నన్ను చూసింది. ఐదో చుట్టులోనూ పన్నెండే. చివరి చుట్టులో, నా కళ్ల ముందరి మలుపులోనే, బ్రేకు దీపం ముందరి ఇద్దరికంటే ఆలస్యంగా వెలిగింది. లోపలివైపు నుంచి ఇద్దరినీ దాటింది. పదో స్థానం.

ఫలితాల కాగితం నాలుగూ పదికి గోడకు అంటించారు. ధరల పట్టీ పక్కనే. నేను పేరు, నంబరు, వరుస మూడుసార్లు చదివాను. సురేంద్ర రజిత భుజం తట్టబోయి, పడిన భుజం అని గుర్తొచ్చి ఆగాడు. కోయంబత్తూరుకు పిలుపు కాగితం చేతికిచ్చాడు.

అప్పుడు వాళ్ల నాన్నకు నేనే ఫోన్ చేశాను. ఒకసారి పడ్డది, చేయి బెణికింది, ఎముకకేం కాలేదు, పదోది వచ్చింది అని వరుసగా చెప్పాను.

"లేచి మల్ల నడిపిందా?" అన్నాడు.

నడిపిందని చెప్పాను.

"బండికేమన్న అయిందా అమ్మా?"

అయిందన్నాను. ఎంతో చెప్పాను. ఆయన ఊపిరి వదిలిన చప్పుడు వినిపించింది. "చిన్నప్పుడు ఒక్కసారి బండి మీదికెళ్లి పడ్డది. పాలు పోయినయా అని ముందుగాల అడిగిన. వారం దినాలు నాతోని మాట్లాడలే. గిప్పుడు గూడ గదే అడిగిన, దానికి చెప్పకుండ్రి" అన్నాడు.

చెప్పలేదు. ఇక్కడ రాస్తున్నాను, రజిత చదివితే చదవనీ.

సాయంత్రం రైలు అందదు గనుక లాడ్జికి ఇంకో తొమ్మిది వందలు. మిగిలిన డిపాజిట్ రజిత ఫోనుకే పంపారు. అక్కడ ఉంచొద్దని చెప్పాను. సోమవారం మధ్యాహ్నం తాంబరంలో రైలెక్కాం. మనిషికి ఒక పెరుగన్నం పొట్లం, నలభై రూపాయలు. అరక్కోణం దాటాక రజిత బిల్లు చూపించమంది. ఇచ్చాను. "గీ ప్లాస్టిక్‌కు తొమ్మిది వేల ఐదువందలా" అంది, ఆ ధర మొదటిసారి వింటున్నట్టు.

ఇక ముందు సంగతి. సెప్టెంబరు పోటీకి రెండు నెలల్లో పదమూడు వేలు కూడుతాయి. చేతిలోవి కలిపితే ఇరవై నాలుగు వేల మూడువందల యాభై. డిపాజిట్‌కే ఇంకా అయిదు వేల ఆరువందల యాభై తక్కువ. ప్రయాణం ఖర్చు వేరే. చేయి బాగయ్యేదాకా పార్శిళ్లు లేవు. ఆ లెక్క చెప్తే రజిత ఆదివారాలు కూడా పనికి పోతానంది. మరి పరీక్ష అన్నాను. లైబ్రరీ పొద్దున్నే తెరుస్తారు కదా అంది.

ఈ దారిలో పిల్లలను పంపేవాళ్లకు నేను చెప్పగలిగింది కొంత ఉంది. తాంబరంలో దిగడం సుళువు. లాడ్జిలో దుప్పటి మన దగ్గరిదే వాడుకోవాలి. హెల్మెట్ చీటీ జోలికి పోకూడదు. మెట్ల మీద ఎడమ చివర కూర్చుంటే చివరి మలుపు బాగా కనబడుతుంది. ధరల పట్టీ ఎక్కించుకోవడం మంచిదే గాని, రేసు అయ్యేదాకా బండి నడిపే మనిషికి చదివి వినిపించకూడదు. భయం సంగతి నాకు తెలియదు. వెళ్లేటప్పుడు ఎంత ఉందో వచ్చేటప్పుడూ అంతే ఉంది. అప్పుడు డబ్బు గురించి, ఇప్పుడు ఆ మణికట్టు గురించి.

రేణిగుంట రాకముందే పుస్తకంలో కొత్త పేజీ తీసి పైన కోయంబత్తూరు అని రాశాను. ఖర్చు వైపు మొదటి వరుసలో డిపాజిట్ ముప్పై వేలు అని వేశాను. రజిత మధ్య బెర్తు మీద పడుకుని కిందికి చూస్తోంది. పెన్ను ఇవ్వమని కుడిచేయి చాపింది. ఇచ్చాను. ఆ అంకె పక్కన పూర్తి పేరుతో సంతకం పెట్టి పుస్తకం నాకు తిరిగిచ్చింది. ఇంకా చేతికి రాని డబ్బును పోయినట్టు రాసుకోవడం ముప్పై మూడేళ్ల ఉద్యోగంలో నేను చూడలేదు. నియమం ఒప్పుకోదు. కొట్టేయలేదు, ఉంచాను.

మంగళవారం పొద్దున కాచిగూడలో దిగేసరికి సన్నటి వాన. ఆటో అతను తొంభై అన్నాడు. బేరం ఆడలేదు. రజిత ఎడమచేయి మెడకు కట్టి ఉంది, ఆటో కుదుపులకు పళ్లు బిగబడుతోంది. గుండ్రని సంచి నా ఒళ్లో పెట్టుకుని రెండు చేతులతో పట్టుకున్నాను. నారాయణగూడ చౌరస్తాలో మళ్లీ ఎర్రలైటే పడింది.